టెంటు కింద కౌన్సెలింగ్

కాలేజీ పిల్లల బాధలు వినే కౌన్సెలర్ మృదులకు ఆ రోజు ఉన్న పనులు ఇవి. కౌన్సెలింగ్ గది తాళం తీయించాలి. రెండు కుర్చీలు ఎదురెదురుగా వేయించాలి. తిండి మానేసి హాస్టల్ గదిలో గోడవైపు తిరిగి పడుకుంటున్న శేఖర్ ఎట్టకేలకు వస్తానన్నాడు, అతని మాట వినాలి. మధ్యాహ్నం యూనివర్సిటీ అధికారి వస్తాడు, కౌన్సెలర్ అవసరమని ఆయనకు చూపించాలి. ఆయన రాస్తేనే నిధులు. లేకపోతే ఈ నెలతో సరి.

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ కాలేజీలో తాళంచెవి గుమాస్తా సీతారాములు జేబులో ఉంటుంది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె కాబట్టి సీతారాములు, జేబుతో సహా, ఎల్బీ నగర్ చౌరస్తాలో బైఠాయించాడు.

"పరేషాన్ గాకుండ్రి మేడం," అన్నాడు అటెండర్ లచ్చయ్య. "గేటు కాడ నిరాహార దీక్ష టెంటు ఖాళీగనే ఉంది. కూసునేటోళ్లు ఇంకా రాలే."

శేఖర్ వచ్చి కూర్చున్నాడు. "మేడం, నాకు..." అనేలోపు అతని మెడలో దండ పడింది. మృదుల మెడలో ఇంకోటి.

"ఆంధ్ర మేడమే దీక్షల కూసున్నది, మీకేమైందిరా?" అని విద్యార్థి నాయకుడు సాయినాథ్ అందరినీ పిలిచాడు. మైకు ఆమె చేతికిచ్చాడు. పొరపాటు సరిదిద్దుదామని మృదుల, ఇక్కడికి ఎవరైనా రావచ్చు, మనసులో ఉన్నది చెప్పుకోవచ్చు అంది. చప్పట్లు మోగాయి. టెంటు నిండిపోయింది.

మధ్యాహ్నం ఆమె తన అన్నం డబ్బా విప్పి శేఖర్ ముందు పెట్టింది. అతను, ఎన్నాళ్లకో, చెయ్యి చాపాడు. సాయినాథ్ మర్యాదగా మూత పెట్టేశాడు.

"టీవీ వాళ్లున్నరు తమ్మీ. జర ఓర్సుకో."

అప్పుడే అధికారి వచ్చి, కౌన్సెలింగ్ ఎక్కడని అడిగాడు. లచ్చయ్య ఉన్నమాటే చెప్పాడు: "గదే సార్, టెంటు."

మృదుల లేచి వెళ్లి అంతా వివరించబోయింది. నినాదాల్లో ఆయనకు సగం కూడా వినిపించలేదు. విన్న ఆ కాస్తకే ఆయన మురిసిపోయాడు.

"గది లేదు, ఫ్యాను లేదు, అయినా ఇంతమంది పిల్లలా! ఖర్చు లేకుండానే ఇంత బాగా నడుస్తుంటే ఇంకా నిధులెందుకమ్మా?"

అదే రాసుకుని వెళ్లాడు.

సాయంత్రం ప్రిన్సిపాల్ నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేశాడు. శేఖర్ గ్లాసు పట్టుకుని, "రేపుంటరా మేడం?" అని అడిగాడు. ఆమె ఉంటాననే అంది. మర్నాడు ఉంది కూడా. నెలాఖరు దాకా ఉంది. అతనే రాలేదు. హాస్టల్ ఖాళీ చేశాడన్నారు. ఎటు పోయాడో ఎవరికీ తెలియదు.

మీరెప్పుడైనా ఆ కాలేజీ వైపు వెళితే శేఖర్‌ను ఒక్కసారి తలుచుకోండి. ఆ రోజు అతనికి దండ వేశారు, ఫోటో తీశారు. ఏమైందని అడగడానికి మాత్రం నిధులు లేవు.