చైతన్యపురిలో పులుల లెక్క

కోచింగ్ సెంటర్లను తిట్టేవాళ్లకు ప్రకృతి గురించి ఓనమాలు కూడా తెలియవు. మా చైతన్యపురి మెయిన్ రోడ్డు మీద నాలుగు గజాలకో ఇన్‌స్టిట్యూట్ ఉందంటే అది వరం. అడవిలో పులులు పెరిగితే సంబరపడతాం కదా, దిల్‌సుఖ్‌నగర్ పక్కన పెరిగితే ఏడుపెందుకు?

నేను ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఊరికే మాట్లాడను, సమీకరణంతో మాట్లాడతాను. జింకలు పెరిగితే తిండి దొరికి పులులు పెరుగుతాయి. పులులు పెరిగితే జింకలు తరుగుతాయి. జింకలు తరిగితే పులులు పస్తులుండి చస్తాయి. అప్పుడు జింకలు మళ్లీ కోలుకుంటాయి. గ్రాఫు గీస్తే రెండు అలలు, ఒకదాని వెనక ఒకటి.

ఇన్‌స్టిట్యూట్ పులి, గ్రూప్స్‌కు ప్రిపేరయ్యే సర్కారు కొలువు అభ్యర్థి జింక అనుకుని, మా బాల్కనీలోంచి కనిపించే ఫ్లెక్సీలు లెక్కపెట్టాను. నాలుగేళ్లలో సగం మూతపడతాయని కాలనీ వాట్సాప్ గ్రూపులో ప్రకటించాను కూడా. నాలుగేళ్లు గడిచాయి. పదకొండు కాస్తా ఇరవై ఆరయ్యాయి! అందులో ఒకటి మా ఇంటి కింది పోర్షన్లోనే వెలిసింది. ఇచ్చింది నేనే లెండి. పులిని ఇంట్లో పెట్టుకుని కాపురం చేసే భాగ్యం ఎందరికి దక్కుతుంది? రోజూ కింది క్లాసు మైకు వినీ వినీ మా ఆవిడకు ప్రాథమిక హక్కులన్నీ కంఠతా వచ్చేశాయి. నా మీద వాడుతోంది కూడా.

మరి నా లెక్కలో తప్పెక్కడ? మేడమీద గదిలో కిరాయికుండే సంతోషిని అడిగాను. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి ఏడేళ్లుగా గ్రూప్స్‌కు చదువుతోంది.

"మీ జింకను పులి తింటే సచ్చిపోతది గద సర్. మేం సావం. మల్ల అడ్మిషన్ తీసుకుంటం" అంది.

ఎంత గొప్ప ఏర్పాటు! తిన్న జింకనే మళ్లీ తినొచ్చు. దానికి రిపీటర్ బ్యాచ్ అని ముద్దు పేరు కూడా ఉంది. ఇంకా విచిత్రం, బాగా నలిగిన జింకకు పులే ఉద్యోగమిస్తుంది. పరీక్షలు రాసీ రాసీ సిలబస్ మొత్తం నోటికొచ్చినవాళ్లే మా రోడ్డు మీద ఫ్యాకల్టీ. జింక పులిగా మారే సమీకరణం నేనెక్కడా చదవలేదు.

మొన్న ఆదివారం సంతోషి స్వీటు డబ్బాతో వచ్చింది. కింది ఇన్‌స్టిట్యూట్‌లో పాలిటీ చెప్పే ఉద్యోగమట. చూశారా, పులి ఎంత దయగలదో అని నేను పొంగిపోయాను. ఆ పిల్ల మాత్రం డబ్బా తెరవకుండా నిలబడింది. వచ్చే నెల తొమ్మిదితో ఆమె ఆశపెట్టుకున్న డీఎస్పీ పోస్టుకు ఏజ్ లిమిట్ దాటిపోతుంది. రాయాల్సిన పరీక్షకు నోటిఫికేషన్ ఈసారీ పడలేదు.

"సర్, మీ లెక్కల జింకలు ఏం తిని బతుకుతయి?"

"గడ్డి. అది ఎప్పుడూ పుష్కలంగా ఉంటుందని అనుకునే లెక్క మొదలుపెడతాం."

"ఎవరనుకున్నరు సర్ అట్ల?"

ముప్పై ఏళ్లు ఆ మాటను బోర్డు మీద మొదటి లైనుగా రాశాను. ఏ పిల్లా అడగలేదు, నాకూ తట్టలేదు. నాలుగేళ్లుగా బాల్కనీలో కూర్చుని పులుల్నే చూశాను తప్ప, నోటిఫికేషన్ల గడ్డి వేయాల్సిన సర్కారు వైపు ఒక్కసారీ చూడలేదు. సిగ్గేసింది.

సంతోషి డబ్బా మూత తీసి ముందుకు చాపింది.

"తీస్కోండ్రి సర్. రేపటి సంది నేను గూడ అడ్మిషన్లు చేపియ్యాలె."