తలకిందులైన పటం

శుక్రవారం భోజనానికి ఇటలీ దొర వచ్చేలోపు, ఆయన కానుకగా ఇచ్చిన పటం గోడ మీద ఉండాలి. ఆ ఉదయం మధుసూదన్ పెట్టుకున్న పని అదొక్కటే. మూడేళ్ళు దోహాలో ఒంటరిగా వండుకు తిన్నవాడికి ఫ్యామిలీ వీసా ఇప్పించి, భార్యనూ పసిబిడ్డనూ అల్ హిలాల్ ఫ్లాటుకు చేర్చిన మేనేజరు ఆయన. ఆ మేలు తలుచుకుంటే మధుసూదన్‌కు ఆ పటం ఇంకా గోడెక్కకపోవడమే తప్పనిపిస్తుంది.

"అంతా చీకటే కదండీ!" అంది భార్య ప్రతిమ.

"పాతకాలం చర్చి పటమే, క్రిస్మస్ రాత్రిది. సరిగ్గా చూడు, గొల్లల చేతులూ చూపులూ ఏటవాలుగా జారి కింద పసివాడి దగ్గరకే చేరతాయి. దీపమే లేదు, వెలుగంతా వాడి ఒంట్లోంచే," అని దొర మాటలు ఒప్పజెప్పి, మధుసూదన్ మేకు కొట్టాడు.

గోడలోని పైపు పగిలి నీళ్ళు చిమ్మాయి. బొటనవేలితో కన్నం మూసి, "ఎవర్నైనా పిలువు!" అని కేకేశాడు.

ప్రతిమ కింది ఫ్లాటు తలుపు బాదింది. "మా ఆయన గోడకి అతుక్కుపోయారండీ!"

కరెంటు పట్టిందనుకున్న ఆ ఫ్లాటు కరీంనగర్ జహాంగీర్ చీపురుకర్రతో పరుగెత్తుకొచ్చి, మధుసూదన్ మోచేతి మీద ఒక్కటేశాడు. వేలు జారింది. నీళ్ళు సోఫాకు ఆనించిన పటం వైపు దూకాయి.

"అయ్యో, దొర పటం!"

"యల్లా, జల్ది లేపుండ్రి!" అన్నాడు జహాంగీర్.

అతని భార్య ఖమర్ సుల్తానా మేడెక్కి వాల్వు కట్టేసింది. బిల్డింగంతటికీ నీళ్ళు ఆగాయి. ముఖం నిండా సబ్బుతో తగవుకొచ్చిన పై ఫ్లాటు ఒవైస్, లోపలి సంగతి చూసి, తగవు మరిచి తనూ ఒక చెయ్యి వేశాడు.

తెరిచిన తలుపులో దొర నిలబడ్డాడు. ఎదురుగా తడిసిన ముగ్గురు మగవాళ్ళు పటాన్ని నెత్తిమీదికెత్తి పట్టుకున్నారు. హడావిడిలో తలకిందులుగా ఎత్తారు. పసివాడు పైన, గొల్లలు గబ్బిలాల్లా కింద వేలాడుతూ.

"క్షమించండి సార్..." అన్నాడు మధుసూదన్.

"తలకిందులుగా!" అన్నాడు దొర ఇంగ్లీషులో. కళ్ళు చెమర్చాయి. "మా నాన్న చిత్రకారుడు. కూర్పు తెలియాలంటే పటం తిప్పి చూడమనేవాడు. అప్పుడు మనుషులు మాయమై, వెలుగూ చీకటీ మాత్రమే మిగులుతాయట. ఇలా చూసేవాళ్ళు నాకిక్కడ దొరకలేదు!"

"ఏమంటుండు సారూ?" గుసగుసలాడాడు జహాంగీర్.

"మెచ్చుకుంటున్నారు."

"మరి దించుదమా?"

"ఇంకాసేపు పట్టుకోండి."

అందరూ కలిసే భోంచేశారు. ఇన్నేళ్ళూ మెట్ల మీద తలూపి పోయిన మనుషులు, తమ ఇళ్ళలోని గిన్నెలు కూడా పట్టుకొచ్చారు.

"మీ మేలు మరిచిపోను, జహాంగీర్ గారూ," అన్నాడు మధుసూదన్ మోచెయ్యి రుద్దుకుంటూ.

"నేను కొట్టిన గద సారూ!"

"నిజంగా కరెంటే అయ్యుంటే, నన్ను బతికించినవారు మీరే కదా!"

వెళ్తూ వెళ్తూ దొర, దీని జోడీ పటం కూడా ఈ రసికులకే చెందాలని ప్రకటించాడు. అది దీనికి రెండింతల సైజు.