ముందు సీటు నుంచి వెనక సీటుకు

కొల్లి దివాకరం జీపులో రెండో స్క్రీను బిగించిన రోజున ముందు సీటుకీ వెనక సీటుకీ మధ్య ఒక గదంత దూరం పెరిగింది. బయటనుంచి టేపు పెట్టి కొలిస్తే మాత్రం బండి అంగుళం కూడా పెరగలేదు. విజయవాడ ఆటోనగర్‌లో దీనికి ఎవరూ ఆశ్చర్యపోలేదు. లోపల ఏదైనా బిగిస్తే దానికి చోటు కావాలి, ఆ చోటేదో బండి తానే చూసుకుంటుంది. మెకానిక్కులు దీన్ని సాగుడు అంటారు. కొత్త బండి బాగా సాగితే యజమానికి అభినందనలు చెప్పి, టీలు తెప్పించుకుని తాగుతారు.

దివాకరానికి పంపుసెట్ల దుకాణం ఉంది. నీళ్ళు పైకి తోడే యంత్రాల గురించి తప్ప ఆయన ఎన్నడూ దేని గురించీ ఉత్సాహపడి ఎరగడు. అలాంటివాడు జీపు కొన్నాడంటే దానికి ఒకటే కారణం. ఆయన భార్య హైమావతి పెళ్ళయిన కొత్తలో ఒక కోరిక కోరింది. లంబసింగి వెళ్ళి, తెల్లవారుజామున మంచులో ఇద్దరూ పక్కపక్కన నిలబడి టీ తాగాలని. నగలు అడగలేదు, చీరలు అడగలేదు, మంచు అడిగింది. ఇన్నాళ్ళకు దుకాణం మేనల్లుడికి అప్పగించి, కొండదారుల్లో నాలుగు చక్రాలూ లాగే జీపు కొని తెచ్చాడు. తెచ్చిన రోజున అందులో స్టీరింగు, సీట్లు, ఇంజను తప్ప ఏమీ లేవు. ఆ రోజే బయల్దేరి ఉంటే మర్నాడు తెల్లారేసరికి మంచులో ఉండేవాళ్ళు.

"అడవికెళ్ళే బండండీ, ఇట్టా బోడిగా ఉంటే ఎట్టా?" అన్నాడు ఫిట్టర్ మస్తాన్ వలీ, డాష్‌బోర్డు మీద ప్రేమగా తడుతూ.

అక్కడ మొదలైంది పండగ. పెద్ద స్క్రీను వచ్చింది. దారి చూపించడానికి అది, బండి ఎంత వాలిందో చూపించడానికి ఇంకొకటి. ఎత్తు చెప్పే మీటరు, టైర్లలో గాలి చెప్పే మీటరు, వీటన్నిటికీ స్విచ్చులు, స్విచ్చులకు వెలుగు, వెలుగుకు రంగులు. ఇంత కరెంటు కావాలి గనక రెండో బ్యాటరీ. పాలు విరగకుండా చిన్న ఫ్రిజ్. బ్యాటరీ, ఫ్రిజ్ పట్టాలంటే ముందు ఎడమ సీటు తీసేయాలి. తీసేశారు. హైమావతి ప్రస్తుతానికి వెనక సీట్లోకి మారింది. వెనక తలుపు లోపలి వైపు మస్తాన్ గ్యాస్ పొయ్యీ, మడత సింకూ బిగించి, అవి కదలకుండా తలుపు ఇక తెరుచుకోకుండా బోల్టులు వేసేశాడు. ఆమె సంతోషంగా అక్కడే పాలు కాచింది. ఒక్కొక్క స్విచ్చూ వేసి చూస్తూ దివాకరం చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. చూసినవాళ్ళకు కూడా ఉత్సాహం వచ్చేది. నిజంగా బాగుంది మరి.

ఇక బయల్దేరడమే తరువాయి. కానీ బండికి ఏదైనా కొత్తగా బిగిస్తే పూజ చేయించకుండా కదిలించడం మనలో లేదు కదా. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలి, కొబ్బరికాయ కొట్టాలి, దంపతులిద్దరూ బండి ముందు నిలబడి హారతి ఇవ్వాలి. పంతులుగారు శుక్రవారం ఉదయం మంచి ఘడియ చూశారు. హైమావతి తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకుని, పళ్ళెంలో కర్పూరం వెలిగించుకుని వెనక సీటు నుంచి బయల్దేరింది. గేరు రాడ్డు దాకా వచ్చేసరికి ఘడియ దాటిపోయింది. కర్పూరం ఎప్పుడో ఆరిపోయింది.

"ఇంత దూరం ఉంటుందనుకోలేదండీ," అంది ఆమె ఆయాసపడుతూ.

"పర్లేదు హైమా, ఇంకో ముహూర్తం పెట్టిద్దాం. ఈసారి నిన్ను ముందే లేపుతాను," అన్నాడు దివాకరం.

లేపడానికి ఇంటర్‌కమ్ కావలసి వచ్చింది, ఎందుకంటే ఇనుప కప్పు కింద సెల్‌ఫోన్ సిగ్నల్ అందడం లేదు. ఇంటర్‌కమ్ బిగించారు. దానికి చోటు కావాలి, బండి చూసుకుంది. హైమావతి రెండోసారి తెల్లవారకముందే బయల్దేరింది. ఎంత నడిచినా మొదటిసారి నడిచినంత దూరమే మిగిలింది. ఆమె చీకట్లో తడుముకుంటోందని దారి పొడుగునా లైట్లు పెట్టించారు. దాహం వేస్తుందని మధ్యలో మంచినీళ్ళ మెషీను పెట్టించారు. ఎక్కడిదాకా వచ్చిందో తెలియాలని కెమెరాలు పెట్టించారు. అన్నీ ఆమె త్వరగా రావడానికే. మూడో ముహూర్తానికి ఆమె సగం దారిలో కూలబడి, చెప్పులు చేత్తో పట్టుకుని, వెనక్కే దగ్గర గనక వెనక్కి వెళ్ళిపోయింది.

"ఆలస్యం అమృతం విషం అంటారండీ," అంది ఇంటర్‌కమ్‌లో.

"నిదానమే ప్రధానం అని కూడా అంటారు," అన్నాడు దివాకరం. ఇద్దరి మాటా శాస్త్రమే గనక వాదన అక్కడితో ఆగింది.

బండి దిగి వెనక్కి వెళ్ళి చూస్తే సరిపోతుంది కదా అని అడిగినవాళ్ళున్నారు. దివాకరం రోజూ ఉదయం చేసేది అదే. బయటినుంచి వెనక అద్దం దగ్గర నిలబడితే హైమావతి జానెడు దూరంలో కనిపించేది. ఆమె పొయ్యి మీద దోసె వేస్తూ తలెత్తి నవ్వేది. ఆయన చెయ్యి ఊపేవాడు. ఆమె అరచెయ్యి అద్దానికి ఆనిస్తే ఆయన ఇటునుంచి ఆనించేవాడు. తలుపు బోల్టులు విప్పుదామంటే పొయ్యి ఊడుతుంది. అద్దం పగలగొడదామంటే అందులో పొగమంచు తుడిచే తీగలు, ఉష్ణోగ్రత చూపించే అంకెలు కలిసిపోయి ఉన్నాయి. పగిలితే మొత్తం వైరింగు మీద వారంటీ పోతుంది. వారంటీ పోగొట్టుకునేంత తెలివితక్కువ మనిషి కాదు దివాకరం. ఆ మాటకొస్తే హైమావతి కూడా కాదు.

బండి ఇంతగా సాగిందని తెలిసి ఒకరోజు లోవిస్తీర్ణ ఇన్‌స్పెక్టరు మనోరమ టేపు, గొడుగు, టిఫిన్ క్యారియరు పట్టుకుని వచ్చారు. బండి లోపల ఎంత ఉందో కొలిచే అధికారిణి ఆవిడ. డ్రైవరు తలుపులోంచి లోపలికి వెళ్ళి, చాలా రోజుల తర్వాత ఎండకు నల్లబడి అదే తలుపులోంచి బయటికి వచ్చారు. ఎండ ఎక్కడిదంటే, పైకప్పుకి మస్తాన్ బిగించిన లైట్లది. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇంత మంచి కేసు తగల్లేదన్నారు.

"వాహనం అంటే మనిషిని ఒక చోటినుంచి ఇంకో చోటికి తీసుకెళ్ళేదండీ. దీంట్లో ఒక చోటూ, ఇంకో చోటూ రెండూ లోపలే ఉన్నాయి. కాబట్టి ఇది వాహనం కాదు, ప్రదేశం. అభినందనలు," అన్నారు మనోరమ.

"చాలా సంతోషమండీ. మరి దీన్ని తోలుకుని లంబసింగి వెళ్ళొచ్చాండీ?" అని అడిగాడు దివాకరం.

"ప్రదేశాలు కదలకూడదండీ. అన్నీ అలా కదలడం మొదలుపెడితే మేం ఏది ఎక్కడుందని చెప్పాలి?"

న్యాయమైన మాట. నంబరు ప్లేటు విప్పి, దాని చోట ఆకుపచ్చ రంగు ఊరి బోర్డు తగిలించారు. దివాకరపురం అని పేరు, కింద పిన్‌కోడు. ఆటోనగర్ అంతా మైసూర్‌పాక్ పంచారు. సొంత బండికి పిన్‌కోడు వచ్చినవాడు ఆ వీధిలో ఇంకొకడు లేడు. దివాకరం ఆ రోజంతా నేలమీద నడవలేదంటే నమ్మాలి. సాయంత్రం ఇంటర్‌కమ్‌లో ఆ సంగతి చెబితే హైమావతి అంతా విని, "మరి మంచో?" అంది. ఆయన లైట్ల రంగు మార్చాడు. మనసులో మాత్రం కలుక్కుమంది. ఆమె అడిగింది ఒక్కటే.

కానీ బండి వాళ్ళని ఉత్త చేతులతో వదల్లేదు. ముందు వైపు పెద్ద ఏసీ, వెనక వైపు హైమావతి పొయ్యి ఆవిరి. చల్లగాలి అటు వెళ్ళి, ఆవిరి ఇటు వచ్చి, సరిగ్గా నడిమధ్యలో ఒకరోజు తెల్లవారుజామున మంచు కురిసింది. కెమెరాలో చూసి దివాకరం సీట్లోంచి ఎగిరి తల కప్పుకు కొట్టుకున్నాడు. తెల్లగా, దట్టంగా, పక్క మనిషి కనపడనంత మంచు. అలాంటిది లంబసింగిలో కూడా రోజూ పడదు.

"హైమా, చూశావా?"

"చూశానండీ! ఇక్కణ్ణుంచి కనపడతా ఉంది!" ఆమె గొంతు పెళ్ళినాటి గొంతులా ఉంది. "వచ్చెయ్యండి. నేను ఫ్లాస్కులో టీ పోసుకుని ఎదురొస్తా."

నడిచి వెళ్ళే దూరం కాదది. పైగా నేలమీద పరిచిన రబ్బరు మ్యాటు బండితోపాటే సాగి, దాని గాట్లు లోయలయ్యాయి, గట్లు కొండలయ్యాయి. మామూలు కారు వెళ్ళే దారి కాదు. నాలుగు చక్రాలూ లాగే బండే కావాలి. దివాకరం క్షణం ఆలోచించలేదు. ఇంకో జీపు కొన్నాడు. అది తలుపులో పట్టదు గనక ఆటోనగర్ కుర్రాళ్ళు ఉత్సాహంగా దాన్ని విడగొట్టి, భాగాలు లోపలికి మోసుకెళ్ళి, బ్రేకు పెడలు పక్కన చదునైన చోట మళ్ళీ బిగించారు. స్టీరింగు, డ్రైవరు సీటు, ఇంజను. పక్కన ఒక ఇనప చట్రం.

"ఏవండీ, ఒక్క మాట," అంది హైమావతి. "ఉన్నపళంగా రండి. దానికి ఏమీ బిగించొద్దు. నామీద ఒట్టు."

"నీమీద ఒట్టు," అన్నాడు దివాకరం. మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆ ప్రయాణం గురించి ఆయన తర్వాత ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. బండి గట్లెక్కి దూకుతుంటే ఒళ్ళు పులకరించింది. దారి చూపించడానికి స్క్రీను లేదు, అయినా దారి కనిపించింది. బండి వాలినప్పుడు మీటరు లేదు, అయినా వాలిందని తెలిసింది. ఇంత సులువా అని గట్టిగా నవ్వుకున్నాడు. మధ్యాహ్నానికి హ్యాండ్‌బ్రేకు మలుపు తిరిగేసరికి ఎదురుగా మంచు అంచు కనిపించింది. ఇంకో పూట ప్రయాణం, అంతే. ఆ మలుపులోనే మస్తాన్ కొత్త బ్రాంచి ఉంది. దివాకరం ఆగలేదు. దాటి కొంత దూరం వెళ్ళాక పక్కనున్న ఇనప చట్రం చూశాడు.

తిరుగు ప్రయాణంలో హైమ కూర్చోవలసింది దానిమీదే. ఆమెకు నడుం నొప్పి. ఈ గట్లమీద ఆ ఇనుముమీద కూర్చుంటే నడుం విరుగుతుంది. ఒట్టు సంగతి నిజమే, కానీ ఒట్టు వేసింది తన సుఖం కోసం ఏమీ బిగించుకోనని కదా. ఇది ఆమె కోసం. ప్రేమించే మొగుడు ఎవడైనా ఆగుతాడు. దివాకరం బండి వెనక్కి తిప్పాడు.

మస్తాన్ మంచి సీటు చూపించాడు. నడుముకు మర్దన, వేసవికి చల్లదనం, చలికి వెచ్చదనం. దానికి స్క్రీను కలిపే వస్తుంది, విడిగా అమ్మరు. బిగించడం అయ్యాక దివాకరం స్టీరింగు ముందు కూర్చుని, ఆ సీటు మెత్తగా ఉందో లేదో చూద్దామని పక్కకు చెయ్యి చాచాడు. అందలేదు.

"బాగా సాగిందండీ!" అన్నాడు మస్తాన్ చేతులు తుడుచుకుంటూ.

నిజంగానే బాగా సాగింది. ఆ చివర హైమ కూర్చుంటే వినపడాలంటే ఏదో ఒకటి పెట్టాలి. అది ఆలోచిస్తూ ఉండగా కొత్త స్క్రీను మోగింది. హైమావతి ముఖం కనిపించింది. ముఖం నిండా వెలుగు. ఆమె వెనకాల ఎవరో డ్రిల్లు వేస్తున్న చప్పుడు.

"ఎక్కడిదాకా వచ్చారండీ?"

"వచ్చేసినట్టే హైమా. నీకోసం ఒక్క సీటు వేయించాను. అంతే. చూడు, ఎంత బాగుందో." స్క్రీను అటు తిప్పి చూపించాడు. సీటు దూరంగా, చిన్నగా, మెరుస్తూ కనిపించింది.

హైమావతి చాలాసేపు చూసింది. కళ్ళు తుడుచుకుని మెల్లగా నవ్వింది.

"మీరు ఎంతకీ రావట్లేదని ఇక్కడి మస్తాన్ బ్రాంచిలో నేనూ ఒక జీపు తెప్పించుకున్నానండీ. నేనే ఎదురొద్దామని. కానీ మీకు మోకాళ్ళ నొప్పులు కదా, ఆ ఇనప చట్రమ్మీద ఎట్టా కూర్చుంటారు? మీ సీటు పని జరగతా ఉంది. ఇదుగో, మీరూ చూడండి."

ఆమె కూడా స్క్రీను తిప్పింది. దివాకరం కళ్ళు చికిలించి చూశాడు. చాలా మంచి సీటు. తన మోకాళ్ళు ఆమెకు గుర్తున్నందుకు ఆయన స్క్రీనుకు అరచెయ్యి ఆనించాడు. ఇంత ప్రేమగా చూసుకునే దంపతులు ఈ రోజుల్లో ఎక్కడున్నారని మస్తాన్ కూడా కళ్ళు ఒత్తుకున్నాడు. తర్వాత ఇంటర్‌కమ్ పెట్టె తెరిచాడు.

ఆ సాయంత్రం భార్యాభర్తలిద్దరూ ఎవరి బండిలో వాళ్ళు కూర్చుని, ఒకరి కోసం ఒకరు వేయించిన ఖాళీ సీట్లను స్క్రీన్లలో చూసుకుంటూ, కలిసి భోజనం చేశారు.