తెలివి: ఒక యూనిట్

“ఇకపై ఈ శాఖలో మనుషులు ఆలోచించరు!” అని మంత్రిగారు ప్రకటించగానే హాలు దద్దరిల్లేలా చప్పట్లు మోగాయి. మరి ఇన్నాళ్లూ ఆలోచించింది ఎవరని అడిగేంత కుసంస్కారం అక్కడ ఎవరికీ లేకపోయింది.

“ఆలోచించే పూచీ ఇవాళ్టి నుంచి ఈ యంత్రానిది. దీని పేరు సర్వజ్ఞ. దీనికి అన్నదమ్ముల్లేరు, అలకల్లేవు, సీటొదిలి టీకి పోదు. ప్రజలు వచ్చి బాధ చెప్పుకుంటే అక్కడికక్కడే నోటితో జవాబు చెబుతుంది. ప్రపంచం ముక్కున వేలేసుకోవాలి!”

ప్రపంచం సంగతేమో గానీ, గోడ అవతల స్టోర్ రూములో ప్రోగ్రామర్ మాత్రం కీబోర్డు ముందు కూర్చుని వేళ్లు విరుచుకుంటోంది. ముందురోజు సాయంత్రం కార్యదర్శిగారు ఆమెను పిలిచి యంత్రాన్ని చూపించారు.

“చాలా బాగా వచ్చిందమ్మా. పెట్టె ఉంది, తెర ఉంది, తెర మీద నవ్వే మొహం ఉంది. గొంతైతే తేనే అనుకో. ఒక్క చిన్న వెలితి.”

“ఏంటి సార్?”

“తెలివి రాలేదు.”

“ఎప్పుడొస్తుంది సార్?”

కార్యదర్శిగారు యంత్రం సప్లై చేసిన పెద్దమనిషి వైపు చూశారు. ఆయన మంత్రిగారి బావమరిది. “ఓడలో ఉందండీ” అన్నాడాయన, ఏమాత్రం తొణక్కుండా.

అది ఒడ్డుకు చేరేదాకా ప్రోగ్రామర్ లోపల కూర్చుని టైపు చెయ్యాలి. ఆమె టైపు చేసిందల్లా బయట యంత్రం గొంతుతో పలుకుతుంది. కెమెరాలో వచ్చినవాళ్ల మొహాలు కనిపిస్తాయి, చెవుల్లో వాళ్ల మాటలు వినిపిస్తాయి. తలుపు మీద ‘సర్వర్ రూమ్, ప్రవేశం లేదు’ అని బోర్డు. ఈ సంగతి ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియకూడదు, ముఖ్యంగా మంత్రిగారికి. “పాపం, ఆయన మనస్ఫూర్తిగా నమ్మారమ్మా. నమ్మకం మీద దెబ్బ కొట్టకూడదు” అన్నారు కార్యదర్శిగారు.

“నా పర్మినెంట్ ఫైలు సార్...”

“ఇది సవ్యంగా సాగనీ. నేనే స్వయంగా తీసుకెళ్లి మంత్రిగారి టేబుల్ మీద పెడతాను.”

ఆమెది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చుట్టాలంతా ఆ మాట చెప్పుకుని మురిసిపోతారు. అది ఆర్నెల్లకోసారి చచ్చి, ఎవరో సంతకం పెడితే మళ్లీ పుట్టే ఉద్యోగమని వాళ్లకు తెలియదు. తెలిసిందల్లా తల్లికే. ఆ తల్లికి మోకాళ్లు అరిగిపోయాయి. మేడ మెట్లు ఒక్కొక్కటే కూర్చుని దిగుతుంది, ఎవరైనా చూస్తే సిగ్గుపడి చెంగు సర్దుకుంటూ అక్కడే కాసేపు గాలి పీల్చుకుంటున్నట్టు నటిస్తుంది. పర్మినెంట్ ఉద్యోగుల కుటుంబాలకు హెల్త్ కార్డు ఇస్తారు. ఆ కార్డుంటే మోకాళ్ల ఆపరేషన్ ఉచితం. ప్రోగ్రామర్‌కు కావలసింది అదొక్కటే. అందుకే మారుమాట్లాడకుండా స్టోర్ రూములో కూర్చుంది.

సర్వజ్ఞ ప్రతిభ మొదటి వారంలోనే ఊరూవాడా పాకింది. వీధి దీపం వెలగడం లేదని ఒకాయన వస్తే, “సాయంత్రానికి వెలుగుతుంది” అంది. వెలిగింది. పింఛను ఆగిపోయిందని ముసలాయన వస్తే, “రేపు పడుతుంది” అంది. పడింది. ఇందులో మర్మమేమీ లేదు. ఆఫీసులో ఏ అధికారికీ తన పాస్‌వర్డ్ గుర్తుండదు కాబట్టి, అందరి పాస్‌వర్డ్‌లూ ఎప్పటినుంచో ప్రోగ్రామర్ దగ్గరే ఉండేవి. ఇటు చేత్తో జవాబు కొట్టి, అటు చేత్తో ఆయా అధికారుల తరఫున ఫైళ్లు కదిపేసేది. తాము ఇంత చురుగ్గా పనిచేస్తున్నామని పేపర్లో చదువుకుని అధికారులు ఒకరినొకరు అభినందించుకున్నారు.

ఆమె బాత్రూముకు వెళ్లినప్పుడు తెర మీద ‘సర్వజ్ఞ లోతుగా ఆలోచిస్తోంది’ అని వచ్చేది. ఆ మౌనం మీద ఒక ప్రొఫెసర్ పెద్ద వ్యాసం రాశాడు. మనుషుల్లో లేనిదీ, యంత్రంలో ఉన్నదీ ఆ గాంభీర్యమేనట.

ఒకరోజు నల్లకోటు వకీలు ఒకాయన వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. “నా సొంత సంగతులు నీకు చెబితే అవి ఎవరి చెవిన పడతాయి? పౌరుడిగా నాకు తెలుసుకునే హక్కుంది.”

ప్రోగ్రామర్ చేతులు ఆగాయి. వెనకే నిలబడి బిస్కెట్ తింటున్న బావమరిది ముందుకు వంగాడు. “మీ గోప్యత మాకు ప్రాణం, యంత్రం తప్ప ఇంకో ప్రాణి వినదు. అలా కొట్టండి మేడం.”

“అది అబద్ధం కదండీ.”

“అబద్ధం ఎలా అవుతుంది? మాట్లాడేది యంత్రమే కదా!”

ఆమె కొట్టింది. వకీలు నిశ్చింతగా ఊపిరి వదిలి, అటూ ఇటూ చూసి, తన భార్య మీద, వదిన మీద, వదిన తమ్ముడి మీద చాడీలు మొదలుపెట్టాడు. బావమరిది స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. “కాస్త సౌండ్ పెంచండి మేడం, బిస్కెట్ చప్పుడుకి సరిగ్గా వినబడట్లేదు.”

ఇలా ప్రజాసేవ జరుగుతుండగా ఒక సాయంత్రం మంత్రిగారు ఒంటరిగా వచ్చారు. గన్‌మాన్‌ను కూడా బయటే ఉంచి, తలుపులు వేయించి, కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నారు. గోడ అవతల ప్రోగ్రామర్ ఒక్కతే ఉంది.

“సర్వజ్ఞా, నీ దగ్గర దాపరికమేంటి. ఒక సలహా కావాలి.”

“చెప్పండి” అంది యంత్రం.

“ఇక్కడెవరో కాంట్రాక్టు ప్రోగ్రామర్ ఉందట. పర్మినెంట్ చెయ్యాలని కార్యదర్శి ఫైలు పెట్టాడు. నువ్వుండగా ఇంకా మనుషులెందుకయ్యా అని నాకు అనిపిస్తోంది. నువ్వేమంటావ్?”

ప్రోగ్రామర్ చమట పట్టిన వేళ్లను చీరకు తుడుచుకుంది. ఒక్క క్షణం న్యాయాన్యాయాలు ఆలోచించింది. తర్వాత తల్లి మెట్ల మీద కూర్చుని జరగడం కళ్లముందు మెదిలింది. టకటకా కొట్టేసింది.

“తప్పకుండా పర్మినెంట్ చెయ్యండి. ఆమె చాలా కష్టపడుతోంది. ఆమెకీ ఓ ఇల్లుంది, ఆమె మీద ఆధారపడ్డవాళ్లున్నారు.”

మంత్రిగారు కళ్లజోడు తీశారు. జేబురుమాలుతో కళ్లు ఒత్తుకున్నారు. “నువ్వు... నువ్వు ఇంకొకరి కోసం అడుగుతున్నావా!” అన్నారు గద్గదంగా. కళ్లజోడు మళ్లీ పెట్టుకుని లేచి వెళ్లిపోయారు.

ఆరోజు ప్రోగ్రామర్ నేల మీద నడవలేదు. ఇంటికి పోతూనే తల్లిని వాటేసుకుంది. “అయిపోయినట్టేనే అమ్మా!”

“నిజంగానా! మంచి మనసున్న మంత్రే అయితే” అంది తల్లి.

మర్నాడు మంత్రిగారు సర్వజ్ఞ పక్కనే నిలబడి విలేకరుల సమావేశం పెట్టారు.

“మిత్రులారా, నిన్న ఈ యంత్రం ఒక కాంట్రాక్టు ఉద్యోగి కోసం నన్ను బతిమాలింది. నా ఇన్నేళ్ల రాజకీయ జీవితంలో ఒక్క అధికారి కూడా పక్కవాడి కోసం అలా అడగ్గా నేను వినలేదు. అసలు మనం మనుషుల్ని ఇంతకాలం ఎందుకు భరించాం? తెలివి కోసమా? కాదు. జాలి కోసం! యంత్రానికి జాలి ఉండదని సరిపెట్టుకున్నాం. ఇప్పుడు అదీ వచ్చేసింది. కాబట్టి ఈ శాఖలో కాంట్రాక్టు పోస్టులన్నీ ఈ క్షణం నుంచి రద్దు!”

చప్పట్లు. ఒక విలేకరి మైకు తెర దగ్గర పెట్టాడు. “సర్వజ్ఞగారూ, దీనిపై మీ స్పందన?”

గోడ అవతల ప్రోగ్రామర్‌కు అక్షరాలు కనిపించలేదు, కళ్లలో నీళ్లు నిండిపోయాయి. బావమరిది కంగారుగా సైగలు చేస్తున్నాడు. ఆమె అలవాటు కొద్దీ కొట్టింది.

“మంత్రిగారి నిర్ణయం చారిత్రకం” అంది యంత్రం తేనె గొంతుతో.

ఆమె బ్యాగు తగిలించుకుని ఇంటికి పోయింది. ఇంత ఒళ్లుమండటం ఆమెకు జీవితంలో ఎప్పుడూ లేదు. ఎవరి మీద మండాలో తెలియకపోవడం వల్ల మరీ మండింది.

మరుసటి రోజు సర్వజ్ఞ నవ్వుతూ ఊరుకుంది. దాని మర్నాడు కూడా లోతుగా ఆలోచిస్తూనే ఉంది. ఇంత ఆలోచించాక ఏం చెబుతుందోనని పత్రికలు ఊపిరి బిగబట్టాయి. ప్రొఫెసర్ రెండో వ్యాసం మొదలుపెట్టాడు. ఈలోగా యంత్రాన్ని చూడటానికి విదేశీ బృందం వస్తోందని కబురొచ్చింది. కార్యదర్శిగారు, బావమరిది కలిసి ప్రోగ్రామర్ ఇంటికి పరిగెత్తారు. తల్లి వాళ్లకు కాఫీ ఇచ్చింది. వాళ్లు కాఫీ గ్లాసులతోనే మెట్ల మీదికి వచ్చి ప్రోగ్రామర్‌తో గుసగుసగా మాట్లాడారు.

“తిరిగి రావాలమ్మా” అన్నారు కార్యదర్శిగారు.

“పోస్టే లేదు కద సార్. ఏ పోస్టులోకి రాను?”

“అదే చిక్కు. మనిషిగా తీసుకోవడానికి వీల్లేదు. రద్దు ఉత్తర్వు మీద సంతకం నాదే.” ఆయన ఒక గుక్క కాఫీ తాగారు. “కానీ వస్తువులు కొనడానికి అడ్డేమీ లేదు.”

బావమరిది అందుకున్నాడు. “నేను డెలివరీ చెయ్యాల్సిన తెలివి ఇంకా మిగిలుంది కదా మేడం. ఓడ వచ్చేసిందనుకోండి. ‘తెలివి, ఒక యూనిట్’ అని బిల్లు రాస్తాను. ఆ యూనిట్ మీరే.”

“నేను... సామానా?”

“తప్పుగా అనుకోకమ్మా” అన్నారు కార్యదర్శిగారు, తండ్రిలా. “పోస్టుని ఎవరైనా రద్దు చేస్తారు. ప్రభుత్వ ఆస్తిని ఎవడూ రద్దు చెయ్యలేడు. నువ్వడిగిన పర్మినెంట్ ఇదే కదా!”

“జీతం?”

“మెయింటెనెన్స్ ఖర్చు కింద నెలనెలా వస్తుంది.”

“మరి హెల్త్ కార్డు సార్?”

“యూనిట్‌కి కార్డుండదమ్మా. గ్యారంటీ ఉంటుంది. ఏడాదిలోపు నీకేమన్నా అయితే కంపెనీ మెకానిక్‌ని పంపిస్తుంది.”

“నాక్కాదు సార్. మా అమ్మకి.”

కార్యదర్శిగారు నుదురు రుద్దుకుని, చాలా సానుభూతితో, “యాక్సెసరీ కింద పెట్టొచ్చేమో చూద్దాం. దానికి వేరే టెండర్ పిలవాలి” అన్నారు.

లోపల్నుంచి తల్లి కేకేసింది. “ఏమంటున్నారే?”

ఇంటద్దె కట్టాలి, మందులు కొనాలి. ప్రోగ్రామర్ వాళ్ల చేతుల్లోంచి కాఫీ గ్లాసులు తీసుకుంది. తర్వాత, “పర్మినెంట్ అయిందమ్మా” అంది. తల్లి ఆ మాట వీధంతా చెప్పుకుంది.

స్టోర్ గుమాస్తా ప్రభుత్వ ఆస్తి నంబరున్న స్టిక్కర్ తెచ్చాడు. మర్యాదస్తుడు, ఎందుకని అడగలేదు. ఎక్కడ అంటించాలా అని ప్రోగ్రామర్ చుట్టూ ఒకసారి తిరిగి, చివరికి కుర్చీకి అంటించాడు. “ఆడవాళ్లు కదాని కుర్చీకే వేశాను మేడం. మీరు లేవకుండా ఉంటే రూలుకి సరిపోతుంది.”

విదేశీ బృందం వచ్చిన రోజు హాలు కిటకిటలాడింది. మంత్రిగారు సూటు వేసుకున్నారు. అర్జీల క్యూలో గోడ పట్టుకుని నిలబడ్డ ఒక పెద్దావిడను చూసి, “రా అమ్మా, నువ్వే ముందు అడుగు. మా అతిథులు చూడాలి” అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తెర ముందు నిలబెట్టారు.

కెమెరాలో ఆ మొహం చూసి ప్రోగ్రామర్ బిత్తరపోయింది. అమ్మ! ఆ మెట్లన్నీ దిగి, ఆటో ఎక్కి, ఎవరికీ చెప్పకుండా వచ్చేసింది.

“నాకీ మిషన్ల సంగతి తెలీదు తల్లీ” అంది తల్లి, తెర మీది నవ్వే మొహానికేసి చూస్తూ. “మా అమ్మాయి ఇక్కడే పర్మినెంట్ అయింది. పర్మినెంట్ వాళ్లకి హెల్త్ కార్డు ఇస్తారంట కదా. ఎప్పుడొస్తుందే అంటే అది నోరు విప్పదు. రాగానే గోడకేసి తిరిగి పడుకుంటుంది. గట్టిగా అడిగితే బాధపడుతుందని నేనూ మళ్లీ అడగట్లేదు. నువ్వైనా చెప్పు.”

ప్రోగ్రామర్ చేతులు కీబోర్డు మీద అలాగే ఉండిపోయాయి. అతిథులు మెడలు సాచి చూస్తున్నారు.

“అర్హత లేదని కొట్టేయండి మేడం, టైమవుతోంది” అని బావమరిది చెవిలో గొణిగాడు.

తల్లి బరువంతా కుడికాలి మీదే వేసి నిలబడింది. ప్రోగ్రామర్‌కు దుఃఖం తన్నుకొచ్చింది. ఏం కొడుతోందో చూసుకోకుండా కొట్టింది.

“ముందు నువ్వు కూర్చోమ్మా” అంది యంత్రం. “ఎడమ మోకాలు ఎలా ఉంది?”

పెద్దావిడ నోరు వెళ్లబెట్టింది. “నేను మోకాలి మాటే ఎత్తలేదే! నీకెలా తెలిసింది?” ఎవరో కుర్చీ వేశారు. ఆవిడ కూలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంది. “ఒకటే లాగుడు తల్లీ. నిద్దరుండదు. నువ్వు అడిగావు, అది చాలు. కన్నకూతురికే ఈమధ్య అడిగే తీరిక లేదు.”

హాలు చప్పట్లతో మార్మోగింది. అతిథుల్లో ఒకామె కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. బావమరిది బయటికి పరిగెత్తి సరిగ్గా మంత్రిగారి పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“చూశారా!” అన్నారు మంత్రిగారు అతిథులతో, ఛాతీ ఉప్పొంగగా. “ఏ మనిషైనా ఇలా అడుగుతాడా?” వెంటనే బావమరిది భుజం తట్టారు. “బావా, ప్రతి ఆఫీసులోనూ ఒకటి ఉండాలి. ఇంకో పాతిక ఆర్డర్ ఇస్తున్నాను.”

బావమరిది వినయంగా తలూపి, జనం మధ్యలోంచి జారుకుని, స్టోర్ రూము తలుపు ఓరగా తెరిచి తల లోపలికి పెట్టాడు. ప్రోగ్రామర్ రెండు చేతులతో మొహం కప్పుకుని ఉంది.

“మేడం,” అన్నాడు గొంతు తగ్గించి, “మీ బ్యాచ్‌లో ఉద్యోగం లేనివాళ్లు ఇంకో పాతికమంది దొరుకుతారా?”