ఎండిపోయిందన్న రోజాచెట్టు

సొంత ఇంట్లో అన్నం తిని, చెయ్యి కడుక్కోవడానికి పక్కింటికి పోయే మొగుడు కదిరి మొత్తం మీద నేనొక్కణ్ణే. నవ్వండి, నవ్వండి. ఎందుకు పోతున్నానో విన్నాక కూడా నవ్వాలనిపిస్తే మీ ఇష్టం.

దీనికంతటికీ మూలం మా షడ్డకుడు విష్ణువర్ధన్. అంటే నా భార్య సుబ్బరత్నమ్మ చెల్లెలి మొగుడు. అనంతపురంలో కాంట్రాక్టులు చేస్తాడు. చేతికి వేళ్లు చాలక ఉంగరాలు జేబులో పెట్టుకునే రకం. మేడ మీద కుండీల్లో పాతకాలం రోజాలు పెంచుతాడు. ఒకప్పుడు దొరల బంగళాల్లో పూసి, తర్వాత జనం మరిచిపోయిన రకాలట. ఆ పిచ్చి ఉన్నవాళ్లందరికీ ఫోన్లో ఒక గుంపు కూడా ఉంది. దానికి పెద్ద సువార్త మేడమ్, కాలేజీలో చెట్ల పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఎవరింట్లోనైనా పేరు తెలియని పాత రకం పూస్తే ఆమె స్వయంగా వచ్చి చూస్తుంది. నిజమైనదైతే ఆ ఇంటివాళ్లు చెప్పిన పేరే పువ్వుకు పెడుతుంది.

అప్పటికే ‘విష్ణువర్ధన్ రోజా’ అని ఒకటి ఉంది. ఫోన్ తెరిస్తే అదే పువ్వు, దాని పక్కన వాడి పళ్లు.

“మీ కదిరిలో రోజాలు యాడ బతుకుతాయిలేన్నా? శెనక్కాయే ఎండిపోతాండాది” అన్నాడొకసారి, నా ఇంట్లో కూర్చుని నా కోడికూర తింటూ.

ముద్ద తిన్నది వాడు, గొంతులో అడ్డం పడింది నాకు. ‘బయ్యన్న రోజా’ అని ఒకటి పూయించకపోతే నేను బయ్యన్నే కాదనుకున్నాను.

ఫోన్లోనే ఎవడో నర్సరీవాణ్ణి పట్టుకున్నాను. ఇంగ్లాండు రాణిగారి తోటలోదనీ, దాని పేరు ఎవరికీ తెలియదనీ వాడు ఒట్టేశాడు. అట్టపెట్టెలో వచ్చింది రాణిగారి రోజా. జానెడు పుల్ల, రెండు ఆకులు, అంటు కట్టిన చోట ప్లాస్టిక్ పట్టీ. అప్పుడే ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మనిషిలా ఉంది.

ఎక్కడ నాటాలి? మా వీధి కొళాయికి నీళ్లు ఎప్పుడొస్తాయో దేవుడికి కూడా తెలియదు. బోరు గాలి తప్ప ఏమీ ఇవ్వదు. మా పెరట్లో నేల తడిగా ఉండే చోటు ఒక్కటే, అంట్లు తోముకునే బండ పక్కన. బియ్యం కడిగిన నీళ్లు, అంట్లు కడిగిన నీళ్లు, తిన్న చెయ్యి కడిగిన నీళ్లు అన్నీ ఆ మూలకే పోతాయి. మా వైపు చెట్టు పెంచడమంటే అంతే. చెట్టుకని వేరేగా చెంబుడు నీళ్లు పోసేంత కలిగినవాళ్లు ఎవరూ లేరు.

ఆ మూలలో అప్పటికే ఒక రోజాచెట్టు ఉంది. నాటుది. సుబ్బరత్నమ్మ కాపురానికి వచ్చేటప్పుడు వాళ్లమ్మ కదిరమ్మ తడిగుడ్డలో కొమ్మ చుట్టి ఇచ్చింది. మా అత్త పోయింది, చెట్టు మిగిలింది. సుబ్బరత్నమ్మ పొద్దున్నే దానితో రెండు మాటలు మాట్లాడేది. నాతో ఒకటి.

ఆ చలికాలం గుమ్మఘట్టలో చుట్టాలింట్లో పుట్టెంట్రుకలు తీస్తుంటే సుబ్బరత్నమ్మ ఊరికి బయల్దేరింది. ఆమె బస్సు ఎక్కింది, నేను గడ్డపార ఎత్తాను. నాటు చెట్టును పీకి వీధి చివర చెత్త తిప్ప మీద పారేసి, ఆ గుంతలో రాణిగారిని కూర్చోబెట్టాను.

తిరిగి వచ్చినాక ఆమె సంచి కూడా దించలేదు.

“ఏమయ్యా, చెట్టు యాడ?”

“ఎండిపోయినాది.”

“నేను పోయేటప్పుడు మొగ్గ మీదుండె కదా?”

“మొగ్గ ఉంటే మాత్రం? ఎండలు చూస్తివా? నిలువునా ఎండిపోయినాది.”

“చలికాలంలోనా?”

“మనకి చలికాలం యాడుండాదిలే సుబ్బీ.”

ఆమె నా మొహంలోకి చూసింది. అరవలేదు, తిట్టలేదు. “సరేలే” అంది. పెళ్లయిన నాటి నుంచి ఆమె నోట ఆ మాట వినలేదు నేను. గెలిచేశాననుకున్నాను.

మరుసటి రోజు అంట్ల గంప నెత్తిన పెట్టుకుని పక్కింటి నాగలక్ష్మమ్మ పెరట్లోకి పోయింది.

“ఆడికెందుకే? మన బండ లేదా?”

“ఈడ రాణెమ్మ ఉండాది కదా. ఆయమ్మ ముందర ఎంగిలి బోకులు తోమచ్చునా?”

బియ్యం కడిగిన నీళ్లూ గోడ దాటి పోయాయి. రాణిగారి మూల ఎండి బీటలు వారింది. చేసేది లేక నా స్నానం పెరట్లోకి మార్చాను. మొక్క పక్కన తువాలుతో కూర్చుని, ఒంటి మీద పడిన నీళ్లు దాని మొదట్లోకి పోయేట్టు ఒక పక్కకు వాలి పోసుకునేవాణ్ణి. సబ్బు మొక్కకు పడదని సబ్బు మానేశాను. మార్కెట్ యార్డులో నేను తూకాల గుమాస్తాను. అక్కడ నా పక్క కుర్చీ మెల్లగా కిటికీ దగ్గరికి జరిగింది.

మిద్దె మీద నుంచి నాగలక్ష్మమ్మ చూసింది. “ఏం సుబ్బరత్నమ్మా, మీ ఆయప్పకి ఏమన్నా మొక్కుబడా?”

“మొక్కుబడి కాదొదినా, మొక్క” అంది నా ఇల్లాలు.

ఎండలు ముదిరాక తాగే నీళ్ల క్యాను మీద పడ్డాను.

“క్యాను నిండా నీళ్లుండె, ఎవరు తాగినారు?”

“నేనే. దప్పి.”

“క్యానంతానా?”

“ఎండలు కదా.”

“జాగ్రత్తయ్యా. నువ్వు గూడా నిలువునా ఎండిపోయేవు.”

ఆ మాటకు చటుక్కున ఆమె వైపు చూశాను. కానీ ఆమె మామూలుగా పప్పు రుబ్బుకుంటోంది. ఇదేదో వట్టి మాటేలే అనుకున్నాను. నీడకు పాత చీర అడిగితే ఇవ్వలేదు. నా పంచె విప్పి పందిరేశాను.

అంత చేసినా మే నెలలో పుల్ల నల్లబడింది. ఎవరికీ చెప్పలేదు. వానలు పడ్డాక ఒకరోజు చూస్తే, మొదట్లో నేలలోంచి పచ్చటి చిగుళ్లు తోసుకొస్తున్నాయి. చూస్తుండగానే నా నడుమెత్తు పెరిగాయి. రాణివంశమంటే అదీ! ఫొటోలు తీసి గుంపులో పెట్టాను, విష్ణువర్ధన్‌కు విడిగా పంపాను.

ఆ రోజుల్లోనే సుబ్బరత్నమ్మ తలలో ఒక రోజా కనబడింది.

“యాడిదే పువ్వు?”

“నాగలక్ష్మమ్మొదిన ఇంటిది.”

“నాటుదా?”

“నాటుదే.”

నాటు పువ్వుతో నాకేం పనని ఊరుకున్నాను.

చలి తగ్గే వేళకు రాణిగారు గుత్తులుగా మొగ్గలేసింది. సువార్త మేడమ్‌ను రమ్మన్నాను. విష్ణువర్ధన్ తన కారులోనే ఆమెను తెచ్చాడు, నేను ఓడితే దగ్గరుండి చూడాలని. ఇల్లు కడిగించాను, సబ్బు పెట్టి స్నానం చేశాను, ‘బయ్యన్న రోజా’ అని అట్టముక్క మీద రాసి పెట్టాను.

మేడమ్ చెట్టు ముందు కూర్చుంది. శెనక్కాయ గింజంత తెల్ల పూలు. ఆకులు తిప్పి చూసింది, మొదట్లో మట్టి గీకి చూసింది.

“బయ్యన్న గారూ, అంటు పైన ఉన్న రోజా పోయిందండీ. ఇది కింద వేరుకోసం వాడే అడవి రకం. దీనికి పేరు ఎప్పుడో పెట్టేశారు.”

“పోనీలేన్నా, కంచెకి పనికొస్తాది” అన్నాడు విష్ణువర్ధన్.

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏడాది పాటు సబ్బు లేకుండా నేను పెంచింది ముళ్లకంపను.

మేడమ్ లేవబోయి ఆగింది. “ఈ వాసన ఎక్కడిది?”

“అగరొత్తులది మేడమ్. పక్కింటామెకు భక్తి ఎక్కువ.”

ఆమె నా మాట వినలేదు. అంట్ల బండ ఎక్కి గోడ మీదుగా చూసి, “అయ్యో, ఇది ఇంకా ఉందా!” అంది.

నేనూ ఎక్కి చూశాను. నాగలక్ష్మమ్మ బండ పక్కన, మా ఇంటి అంట్ల నీళ్లు తాగి, గోడెత్తు పెరిగి ఉంది. పాలల్లో కుంకుమ కలిపిన రంగు, కిక్కిరిసిన రేకులు. ఆ పువ్వు నాకు బాగా తెలుసు. అన్నేళ్లు నా పెరట్లో పూసినా ఒక్కసారి వంగి వాసన చూసిన పాపాన పోలేదు.

“దీనికోసం జిల్లా అంతా వెతికాను. పోయిందనుకున్నాం. ఎవరిదమ్మా ఇది?”

“మాదే మేడమ్!” బండ మీదే ఎగిరాను. “మా అత్త ఇచ్చినది, మా ఇంటిదే!”

“మీది ఎట్లయితాదన్నా?” అంది గోడ అవతల నాగలక్ష్మమ్మ. “మీది ఎండిపోయినాదని నువ్వే చెప్పినావంట కదా. ఇది తిప్ప మీద పచ్చగా పడుంటే ఎత్తకొచ్చి పెట్టుకున్నా. అప్పుడే గుమ్మఘట్టకి ఫోన్ చేసి సుబ్బరత్నమ్మకి చెప్పినా.”

అంటే బస్సు దిగక ముందే సుబ్బరత్నమ్మకు తెలుసు. తెలిసే అడిగింది, ‘చెట్టు యాడ’ అని.

“పేరేం పెడదాం?” అంది మేడమ్.

నాగలక్ష్మమ్మ సుబ్బరత్నమ్మ వైపు చూపించింది.

“కదిరమ్మ” అంది సుబ్బరత్నమ్మ. “మాయమ్మ పేరు.” ఆ రెండో మాట సగంలో విరిగిపోయింది. చెంగుతో కళ్లు ఒత్తుకుంది. ఏడాదిలో ఆమె నా ఎదుట ఏడవడం అదే మొదలు. అంతకుముందు ఏడ్చిందంతా ఆ గోడ అవతలే ఏడ్చి ఉంటుంది.

ఫొటో తీసింది నేనే. చెట్టు పక్కన ఆడవాళ్లిద్దరూ, మేడమ్, చివర పిలవకుండానే నిలబడిన విష్ణువర్ధన్.

వాళ్లు పోయాక మెల్లగా వంటింట్లోకి పోయాను.

“సుబ్బీ, ఆ ముళ్లకంప పీకేస్తా. ఒక కొమ్మ తెచ్చి పాత తావులోనే పెట్టుకుందాం.”

ఆమె పొయ్యి ఆర్పింది. “చెట్టు పీకినందుకు నాలుగు తిట్టి మర్చిపోయుందును. ఎండిపోయినాదని నా మొగం మీద చెప్తివే! ఈపొద్దు చెప్తాడు, రేపు చెప్తాడు అని ఏడాది చూసినా.”

“ఇప్పుడు చెప్తాండా కదా. తప్పయిపోయినాది.”

“ఊరందరికీ తెలిసినాక చెప్తాండావు.”

“కొమ్మ...”

“ఎండిపోయిన చెట్టుకి కొమ్మ యాడుంటాదయ్యా?” అని కంచం నా ముందర పెట్టింది.

నాగలక్ష్మమ్మనూ బతిమాలాను. కొమ్మ తన చేతిలో లేదంది. నీళ్లు పోస్తానంటే మాత్రం వద్దనలేదు. అందుకని రోజూ మా ఇంట్లో తిని, ఎంగిలి చెయ్యి ఎత్తి పట్టుకుని వీధి వెంబడి పక్కింటికి పోతాను, ఆ చెట్టు కాడ కడుక్కుంటాను. సుబ్బరత్నమ్మ అక్కడే అంట్లు తోముతూ ఉంటుంది. చెట్టుతో ఇప్పటికీ రెండు మాటలు మాట్లాడుతుంది. నాతో ఒకటి.

“నీళ్లు మొదట్లో పొయ్యి.”