మెల్లమెల్లగా తగ్గిన మాట

ఆ ఆదివారం ఆకాశం కురవాలా వద్దా అన్నట్టు మబ్బేసుకుని కూర్చుంది. ఊళ్లో సగం మంది కళ్లాల్లో మిరపకాయల మీద పట్టాలు కప్పుతుంటే, నతానియేలు మాత్రం చర్చిలో కీబోర్డు పక్కన కొత్త లూప్ మిషను సర్దుకుంటున్నాడు. వాయించిన ముక్కని అది పట్టుకుని తిరిగి తిరిగి వినిపిస్తుంది. దాని మీద మనిష్టం వచ్చినట్టు వాయించుకోవచ్చు. ఆరాధన అయ్యాక పాస్టరుగారు పాటల బృందానికి నాయకుణ్ణి ప్రకటిస్తారు. ఆ నాయకుడు తానేనని నతానియేలు కొత్త చొక్కా కూడా కుట్టించుకున్నాడు.

"ఈ నాబ్ దేనికండీ?" అంది భార్య స్తుతి.

"ఫీడ్‌బ్యాక్. తగ్గిస్తే పాతది చుట్టుచుట్టుకీ సన్నగిల్లి పోద్ది. ఫుల్లు పెడితే ఎప్పటికీ పోదు. నేను వాయించింది పోవడమేంటి?" అని ఫుల్లు పెట్టాడు. పాడింది కూడా పోకూడదని మైకునీ మిషనుకే తగిలించాడు. డోలక్ ఆదాముతో, "నువ్వివాళ రెస్టు తీసుకోరా" అన్నాడు.

పాట మొదలైంది. గాలి తిరిగి, కళ్లాల ఘాటు కిటికీల్లోంచి వచ్చిపడింది. ముందు వరసలో కూర్చున్న మామగారు, సంఘపెద్ద కూడా అయిన జయరావు తుమ్మాడు. మిషను పట్టుకుంది. చుట్టు తిరిగేసరికి ఆయన నోరు మూసుకుని ఉండగానే, తాళం తప్పకుండా మళ్లీ తుమ్మాడు.

అత్తగారు కొండమ్మ లేచింది. "ఏమయ్యో అల్లుడూ! మీ మామయ్య తుమ్మితే పాట కడతావా?"

ఆ కేకా మిషనులోకెళ్లింది. తుమ్ము, కేక, తుమ్ము, కేక. వెనక వరసలవాళ్లు కొత్త పల్లవి కాబోలనుకుని చప్పట్లు అందుకున్నారు.

"ఆపవయ్యా!" అని అరిచింది కొండమ్మ. ఆ అరుపూ పాటలో చేరింది.

నతానియేలు చెమటలు కక్కుతూ నాబ్‌ని సగానికి తిప్పాడు. మిషను చెప్పిన మాట విన్నది. తుమ్ము తగ్గింది, కేక తగ్గింది, అతని వాయింపూ తగ్గింది. అంతా సద్దుమణిగింది. మిషను మాత్రం ఖాళీగా తిరుగుతూనే ఉంది. అతను మైకు ముందే స్తుతి వైపు వంగి గొణిగాడు.

"హమ్మయ్య! మీ అమ్మ నోరు మూతపడింది."

మిషను ఆ మాట చర్చంతా వినపడేలా అన్నది. మళ్లీ అన్నది, కొంచెం మెల్లగా. ఆ తరవాత ఇంకా మెల్లగా. సరిగా వినపడక జనం ముందుకి వంగారు. మాట పూర్తిగా ఆగిపోయాక ఆదాము డోలక్ ఒళ్లోకి తీసుకుని ఒక ముక్తాయింపు ఇచ్చాడు.

పాస్టరుగారు ఆదాముని నాయకుడిగా ప్రకటించారు.

మెట్లు దిగుతుంటే జయరావు అల్లుడి చెయ్యి పట్టుకున్నాడు. తిడతాడనుకుని నతానియేలు తల వంచాడు. ఆయన చెవిలో అడిగాడు. "ఒరేయ్ అబ్బాయ్, ఆ నాబ్ మనుషులక్కూడా పనిచేసిద్దా?"

కొండమ్మ వెనక మెట్టు మీదే ఉంది.

మధ్యాహ్నం నలుగురూ ఒకే చాప మీద కూర్చుని నోరెత్తకుండా అన్నం తిన్నారు. కొండమ్మ వండిన పప్పులో ఉప్పు లేదు, ఉందన్నట్టే కలుపుకున్నారు.