తేనెటీగలకు ప్రవేశం లేదు

ఇకమీదట ఈ ఆవరణలోకి తేనెటీగలకు ప్రవేశం లేదని నివాసుల సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. నకలు ఒకటి గేటుకు, ఒకటి గుమ్మడిపందిరికి అంటించారు. చదువుకున్న తేనెటీగ ఏదైనా తనకు తెలియదంటే ఇక చెల్లదు.

కారణం చిన్నదేమీ కాదు. అధ్యక్షులవారి తోడల్లుడు చుట్టపుచూపుగా వచ్చి, మందారంలో ముక్కుపెట్టి వాసన చూశారు. మందారానికి వాసన ఉండదని ఆయనకు తెలియదు. లోపల ఒకరు పనిలో ఉన్నారనీ తెలియదు. సాయంత్రానికి ముక్కు ముఖాన్ని ఆక్రమించింది.

అత్త మీద కోపం దుత్త మీద తీర్చారు. తోటమాలి చేత రెక్కమందారాలన్నీ పీకించి, ముద్దపూల మొక్కలు నాటించారు. నిండా రేకులే, తేనె చుక్క లేదు, పుప్పొడి రవ్వ లేదు. "ఎంత మర్యాదగా ఉన్నాయో చూడు! ఎవరినీ పిలవవు" అని కార్యదర్శిగారు మురిసిపోయారు. గుమ్మడిపూలకు ఆ మర్యాద తెలియదు గనక పందిరి చుట్టూ సన్నటి వల కట్టించారు.

తోటమాలికి వెనకనున్న పంపుగదే ఇల్లు. భార్యతో పదకొండేళ్లుగా అక్కడే కాపురం. గుమ్మడి కాస్తే పని, పని ఉంటే గది. వల కట్టాక ఆడపూలు పూసినవి పూసినట్టే వాడిపోయి రాలాయి. సంఘం తాఖీదు పంపింది: నిర్లక్ష్యం వీడి, నెలలోగా పిందె నిలపాలి, లేదా గది ఖాళీ చేయాలి.

"ఈగల్ని తరిమింది వాళ్లు, తిట్లు మనకా?" అంది భార్య.

"ఊరుకోవే. దేవుడు ఈగ చేత చేయించే పని నా చేత చేయించుకుంటాడు."

"అయితే రెక్కలు కూడా ఇమ్మను. నిచ్చెనెక్కితే నీ మోకాళ్లు కిర్రుమంటాయి."

ఎండ ముదిరితే గుమ్మడిపూలు ముడుచుకుంటాయి. అందుకని తోటమాలి రోజూ తెల్లవారుతూనే వలలో దూరి, నిచ్చెనెక్కి, మగపూవు తెంపి, రేకులు ఒలిచి, దాని పుప్పొడిని ఆడపూలకు అద్దేవాడు. పూటకు ముప్పై పెళ్లిళ్లు చేశాడు. ఒక్క పెళ్లివారూ భోజనానికి పిలవలేదు. నెల తిరక్కుండానే పందిరి నిండా పిందెలు వేలాడాయి.

కాయలు కోసిన రోజున సర్వసభ్య సమావేశం జరిగింది. అధ్యక్షులవారు గుమ్మడికాయ మీద చేయి వేసి ఉపన్యసించారు. "తేనెటీగ లేనిదే పంట లేదని పుస్తకాలు మనల్ని భయపెట్టాయి. క్రమశిక్షణ ఉంటే గుమ్మడి తనంతట తానే కాస్తుందని మనం నిరూపించాం!" చప్పట్లు మోగాయి.

తరువాతి అంశం, మొదటి అంతస్తు గృహిణి ఫిర్యాదు. రోజూ తెల్లారేసరికి ఎవరో మగమనిషి తన కిటికీ పక్కన నిచ్చెన మీద ఉంటున్నాడు.

"అది నేనేనమ్మా. పూలు కలుపుతున్నాను" అన్నాడు తోటమాలి.

"నిన్నెవరయ్యా కలపమన్నది? వాటంతటవే కాస్తాయని ఇప్పుడేగా అధ్యక్షులవారు చెప్పారు!" అందావిడ.

ఆ మాటకు తిరుగులేదు. తనంతట తానే కాసే గుమ్మడికి తోటమాలి దండగని అప్పటికప్పుడు తీర్మానించారు. పంపుగదికి వారం గడువు. ఒక పెద్దాయన "మరి వచ్చే కాపుకో?" అని గొణిగారు. ఆయన అద్దెకుంటారు గనక ఆ గొణుగుడు సంఘం మినిట్స్ పుస్తకంలోకి ఎక్కలేదు.

ఆ వారంలోనే తోటమాలి పరుపు చుట్టి భుజాన వేసుకున్నాడు. భార్య గిన్నెల మూట ఎత్తుకుంది. ఎవరికీ కనబడకుండా వెనక గేటు నుంచి వెళ్లమన్నారు, అలాగే వెళ్లారు.

ఈ విజయం విని పదిహేడు సంఘాలు తీర్మానం నకలు తెప్పించుకున్నాయి. అందులో మీదీ ఉంది. మొన్నటి సమావేశంలో మీరు కూడా చేయెత్తారు, దేనికని అడగలేదంతే.